బుధవారానికి మారిన మాత్ర

వైశాలి, ఘజియాబాద్
మార్చి, మొదటి ఆదివారం

విజయక్కకి నీ చెల్లెలు పద్మ నమస్కారాలు.

మేమిక్కడ ముగ్గురం బాగున్నాం. రాయాలి కాబట్టి రాసిన మాట కాదిది, నిజంగానే బాగున్నాం. నువ్వూ, బావగారూ, మీ అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తయ్యగారికి కంటి ఆపరేషన్ తర్వాత చూపు ఎలా ఉంది? టీవీ సీరియళ్లు మళ్లీ మొదలుపెట్టారా? పెట్టే ఉంటారులే.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో నన్ను మాట్లాడనిస్తే కదా నువ్వు! “వేళ్లెలా ఉన్నాయే” అంటావు. నేను “బాగానే” అనేలోపు నీ గొంతు మారిపోతుంది. తర్వాత ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం. మొన్న మంగళవారం అయితే మరీను. ఈ నెలాఖరుకి బడిలో రాజీనామా ఇచ్చేసి ఢిల్లీ వచ్చేస్తాను, నీ దగ్గరే ఉండిపోతాను, మీ బావగారు ఏదో ఒకటి వండుకుంటారులే అన్నావు. అదీ ఎప్పుడు? జూన్ నుంచి నిన్నే హెడ్మిస్ట్రెస్‌ని చేస్తామని మీ కరస్పాండెంటుగారు చెప్పిన వారంలోనే. అందుకని అక్కా, ముందే రాసేస్తున్నాను. ఆ రాజీనామా ఇవ్వకు. ఎందుకు ఇవ్వక్కర్లేదో ఇందులో అంతా రాస్తున్నాను. మొత్తం చదివాక, అప్పటికీ ఏడవాలనిపిస్తే ఏడువు.

ఈ చలికాలం ఎలా గడిచిందో నీకు సగమే చెప్పాను. పొద్దున్నే లేస్తే వేళ్లు బిగుసుకుపోయి తెరుచుకునేవి కావు. పేస్టు మూత తియ్యడానికి సంజనని పిలిచేదాన్ని. “లావో మమ్మీ, ఇధర్ దో” అని తీసి ఇచ్చేసి పరీక్షలకి చదువుకోడానికి పోయేది. పాపం దానికి విసుగు లేదు, నాకే ఉండేది. బయట చూస్తే పొగమంచు, ఎదురు బాల్కనీ కూడా కనపడదు, పలకరించడానికి ఒక్క మనిషి ఉండదు. మెట్రోలో నిలబడితే కడ్డీ పట్టుకోలేక మోచెయ్యి చుట్టి వేలాడేదాన్ని. ఆఫీసులో టైపు చేస్తుంటే పక్క సీటు ఆవిడ “హాయ్ రామ్, ఇత్నీ సీ ఉమర్ మే గఠియా?” అని జాలిపడేది. ఇంత చిన్న వయసులోనా అని. గఠియా అంటే మన కీళ్లవాతమే. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండేది. మీ మరిదిగారు మాత్రం నోరు మెదపకుండా చపాతీ పిండి కలపడం నేర్చుకున్నారు. ఆయన చేసిన చపాతీ ఏ దేశం మ్యాపో నేనూ సంజనా కనుక్కుంటూ తినేవాళ్లం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. పొద్దున్న వేళ్లు చూసుకుంటే వంకరపోయిన అమ్మ వేళ్లు కనపడేవి. నీకు చెప్పాలా? అమ్మకి అన్నం కలిపి పెట్టినదానివి, జడ వేసినదానివి, బి.ఇడి. సీటు వస్తే వదులుకుని ఇంట్లో ఉండిపోయినదానివి. ఆ చదువు నువ్వు మళ్లీ అందుకునేసరికి నీతో చదివినవాళ్లు సీనియర్ టీచర్లయిపోయారు. నాకప్పుడు చిన్నతనం, నువ్వు చేస్తున్నావు కదా అని ఆడుకోడానికి పోయేదాన్ని.

ఇక అసలు సంగతి. మా డాక్టరమ్మ ఇచ్చిన ముఖ్యమైన మాత్ర వారానికి ఒక్కసారే వేసుకునేది. రోజూ వేసుకుంటే చాలా ప్రమాదం, వారంలో ఒకే రోజు, ఆ రోజు తప్పితే ఇంకో రోజు దాని జోలికి పోవద్దు అని మొదట్లోనే గట్టిగా చెప్పింది. మర్నాడు సెలవు కదా అని శనివారం రాత్రి పెట్టింది. కడుపునిండా భోంచేసి వేసుకోమంది. ఇది ఇలా ఉండగా నువ్వు తునిలో కూర్చుని వెంకన్నకి మొక్కావు, నా వేళ్లు బాగయ్యేదాకా నేను శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని. మొక్కు నీది, మాడేది నా కడుపు! సరే, ఉన్నాను.

మరి శనివారం రాత్రి నాకు కడుపునిండా తిండెక్కడిది? ఒక అరటిపండు, గ్లాసుడు పాలు. ఖాళీ కడుపున వద్దన్నారు కదా అని మాత్ర మానేసేదాన్ని. పోనీ ఆదివారం వేసుకుందామంటే ఇంకో రోజు జోలికి పోవద్దన్నారాయె. వచ్చే శనివారం చూద్దాంలే అనుకునేదాన్ని. వచ్చే శనివారం మళ్లీ ఒక్కపొద్దే. ఎప్పుడు వేసుకున్నానో తెలుసా? నెలసరి శనివారం మీద పడి, పూజా ఒక్కపొద్దూ లేనప్పుడు. ఆ రోజు మాత్రం శుభ్రంగా భోంచేసి గంట కొట్టినట్టు వేసుకునేదాన్ని. డాక్టరమ్మ ప్రతిసారీ “సాటర్డే కో లేతీ హో న?” అని అడిగేది. “హా జీ, సాటర్డే కో హీ” అనేదాన్ని. అందులో అబద్ధమేముంది? వేసుకున్నప్పుడల్లా శనివారమే వేసుకున్నాను.

జనవరిలో ఆవిడ నా కణుపులు నొక్కి చూసి, రక్తపరీక్ష చూసి, ఈ మాత్ర మీకు పనిచేస్తున్నట్టు లేదు, ఇంతకన్నా గట్టి మందు ఇంజెక్షన్లలో మొదలుపెట్టాల్సి రావచ్చు అంది. అమ్మలాగే అయిపోతానని ఖాయం చేసుకున్నాను. అయితే ఆవిడ ఒక మాటంది. అది మొదలుపెట్టేముందు మా దగ్గర ఈ జబ్బు ఉన్నవాళ్లకి జరిగే క్లాసుకి వెళ్లి రండి అంది. నాకు కోపమొచ్చింది. ఎం.కాం. చదివి ప్రభుత్వోద్యోగం చేస్తున్నదాన్ని, మాత్ర మింగడానికి క్లాసేమిటి అని దారంతా మీ మరిదిగారి మీద అరిచాను. ఆయన “ఠీక్ హై, వెళ్లకపోతే మానెయ్” అన్నారు. ఆ మాటతో పౌరుషమొచ్చి వెళ్లాను.

ఆసుపత్రి వెనకవైపు గది. గుండ్రంగా వేసిన కుర్చీలు, బల్ల మీద మెత్తటి రబ్బరు బంతులు, ఎముకల బొమ్మ ఒకటి. నేర్పేది జెస్సీ సిస్టర్, మలయాళీ అమ్మాయి, ఆవిడ హిందీ నా హిందీ కన్నా అన్యాయం. అయినా అందరికీ అర్థమైపోతుంది. ఒళ్లు కాపాడాల్సిన సైన్యమే దారి తప్పి మన కీళ్ల మీద పడుతుంది, మందు దాన్ని అదుపులో పెడుతుంది, అందుకే నొప్పి లేని రోజున కూడా మందు మానకూడదు అని బొమ్మ చూపించి చెప్పింది. ఇన్నాళ్లూ నేను చలివల్ల వచ్చిందనీ, నువ్వేమో నేను చిన్నప్పుడు వానలో తడిసినందువల్ల వచ్చిందనీ అనుకుంటున్నాం!

తర్వాత ఒక్కొక్కళ్లనీ అడిగింది. మందు ఎలా వేసుకోవాలో చెప్పమని కాదు, పోయిన వారం నిజంగా ఏం చేశారో చెప్పమని. ఒక పెద్దాయన నొప్పి తగ్గగానే మాత్రలు మానేస్తాడట. సిస్టర్ ఆయనకి నెమ్మదిగా క్లాసు పీకింది. నా వంతు వచ్చింది. శనివారం ఆఫీసు లేదు, రాత్రి అరటిపండు తిని పడుకున్నాను అన్నాను. పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ గభాలున తెలుగులో “ఏమ్మా, శనివారం ఒక్కపొద్దుంటావా?” అంది. ఆవిడ పేరు స్వరాజ్యంగారు, ధౌలా కువాన్ దగ్గర ఉంటారు, తణుకు వాళ్లు. ఇరవై ఏళ్లకి పైగా ఈ జబ్బుతోనే ఉన్నారట, చేతులు చూస్తే నమ్మవు, అంత బాగున్నాయి. ఉంటానన్నాను. “అయితే మాత్రెప్పుడు వేసుకుంటున్నావే తల్లీ?” అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుంటే నాకే అర్థమవుతోంది. స్వరాజ్యంగారు సిస్టర్‌కి హిందీలో చెప్పారు, ఇన్‌కా శనివార్ కా వ్రత్ హై, రాత్ కో ఖానా నహీ ఖాతీ అని. గదిలో అందరూ నవ్వారు. సిస్టర్ నవ్వలేదు. మొదటినుంచీ ఎన్ని వేసుకుని ఉంటారు అని అడిగింది. లెక్కపెట్టబోతే ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు. అక్కా, అప్పుడు నాకు సిగ్గేసింది, ఆ వెంటనే గుండెల మీద బరువు దిగిపోయింది. ఆ మాత్ర పనిచెయ్యక కాదు, దానికి నేను పనే చెప్పలేదు!

సిస్టర్ అప్పటికప్పుడు నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ తల పట్టుకుంది. తర్వాత “ఉపవాసం ఉంటారా అని నేనూ అడగలేదు” అంది. నా మాత్రని బుధవారం రాత్రికి మార్చారు. ఇంజెక్షన్ మాట పక్కన పెట్టి కొన్నాళ్లు చూద్దామన్నారు. నీ మొక్కుకి ఏమీ కాలేదు, కంగారు పడకు. శనివారం వెంకన్నది, బుధవారం మాత్రది. స్వామికి దానితో పేచీ ఉండదులే. ఇప్పుడు బుధవారం రాత్రి నేను భోజనం దగ్గర్నుంచి లేవకముందే సంజన కంచం ముందు మాత్ర పెట్టి “బుధ్‌వార్!” అని అరుస్తుంది.

ఆ క్లాసుకి తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాను, ఎవరూ పంపకుండానే. గోరువెచ్చని నీళ్లలో వేళ్లు ఎలా ఆడించాలో, పని మధ్యలో చెయ్యికి ఎలా విశ్రాంతి ఇవ్వాలో, బట్టలు పిండకుండా ఎలా ఆరెయ్యాలో, కూరల సంచి వేళ్లకి కాకుండా భుజానికి ఎలా తగిలించాలో చెబుతారు. వాపు మళ్లీ వస్తే సొంత వైద్యం చెయ్యకుండా ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా చెప్పారు. జబ్బు పోయిందని రాయడం లేదక్కా. ఇది నాతోనే ఉంటుంది, రక్తపరీక్షలు ఉంటాయి, చెడ్డ రోజులూ ఉంటాయి. కానీ మొన్న డాక్టరమ్మ కణుపులన్నీ నొక్కి చూసి వాపు బాగా తగ్గింది, ఇంజెక్షన్ ఇప్పుడు అక్కర్లేదు అంది. ఈ ఉత్తరం నా చేత్తో నేనే రాస్తున్నాను, చూడు. మధ్యలో రెండుసార్లు లేచి టీ తాగాను, అంతే.

నీ పథ్యం సంగతి కూడా తేలిపోయింది. చింతపండు వద్దు, వంకాయ వద్దు, కందిపప్పు వద్దు, గోంగూర పేరెత్తొద్దు అని నువ్వు చెబితే ఇన్నాళ్లూ సొరకాయా బీరకాయా తిని నీరసించిపోయాను. అవన్నీ మానెయ్యక్కర్లేదు, ఏదైనా తింటే నిజంగా బాధ పెరుగుతోందనిపిస్తే అప్పుడు చెప్పండి అంది సిస్టర్. ఆ సాయంత్రమే గుత్తివంకాయ చేశాను. కాయలు మీ మరిదిగారు కోశారు, కారం నేను కూరాను. తింటుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి, కారానికే అనుకో. కాబట్టి ఈ నెలలో వచ్చే కొత్త చింతపండు కాస్త పార్సిల్ చేయించు. ఇక్కడ దొరికేది పాతది, నల్లగా ఉంటుంది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. పోయిన క్లాసులో సిస్టర్ అందరినీ అడిగింది, ఈ జబ్బుతో మీకు అన్నిటికన్నా భయం ఏమిటి అని. ఒకాయన నొప్పి అన్నాడు. ఒకమ్మాయి పెళ్లి అంది. నేను వేళ్లు వంకరపోవడం అందామనే నోరు తెరిచాను. “మా అక్క ఉద్యోగం మానేసి వచ్చేస్తుంది” అని వచ్చింది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఏడ్చేశాను. స్వరాజ్యంగారు నా చెయ్యి పట్టుకుని “అయితే బాగుపడి, వద్దని చెప్పవే” అన్నారు.

అదే చెబుతున్నాను. దసరా సెలవులకి నువ్వూ బావగారూ కలిసి రండి. చుట్టంలా రా. వంటగదిలోకి రానివ్వను, స్వరాజ్యంగారింటికి తీసుకెళ్తాను, ఢిల్లీ చూపిస్తాను. సెలవులయ్యాక నీ బడికి నువ్వు వెళ్లిపోవాలి.

బావగారికీ, అత్తయ్యగారికీ నా నమస్కారాలు. అత్తయ్యగారి పాదాలకి నా తరఫున నువ్వు దణ్ణం పెట్టి, ఆవిడ ఇచ్చే దీవెన మాకు పంపు. సంజన పరీక్షలు బాగా రాయాలని నువ్వూ ఆశీర్వదించు. మీ మరిదిగారు నిన్ను అడిగినట్టు రాయమన్నారు.

అక్కా, అమ్మకి చెయ్యాల్సిందంతా నువ్వొక్కదానివే చేశావు. నా వంతూ నువ్వే చేశావు. ఇంక ఎవరికీ బాకీ లేవు. వెళ్లి ఆ హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చో.

నువ్వు ఆ కుర్చీలో కూర్చున్న ఫోటో కోసం చూస్తూ,
నీ చెల్లెలు
పద్మ