నా పళ్ళకే పట్టే ముక్క

8 జూన్ 2009
భయమేసి కాదు. పుచ్చిన పన్ను పీకించుకోకూడదు, అందుకే ఉంచా. ఆ పన్ను పోతే గైడ్ కూర్చోదంట. ఉదయభాస్కర్ బావ చెప్పాడు. మా హారతక్క మొగుడు. రాజమండ్రిలో దవడల డాక్టరు గారి దగ్గర కంప్యూటర్లో డిజైన్లు చేస్తాడు.
ఇది ఎవరికీ పంపను. ఫోన్ డ్రాఫ్ట్స్‌లోనే.

11 జూన్
చిన్నప్పుడు రేవు మెట్ల మీద పడ్డా. దవడ విరిగి వంకరగా అతుక్కుంది. బళ్ళో వంకరమూతి అనేవాళ్ళు, ఆరుతో మానేశా. కడియంలో మొక్కల నర్సరీకెళ్ళి అంట్లు కడతా. మొక్కలు మొహం చూడవు.
ఇవాళ బావ పక్కన కూర్చోబెట్టుకుని, స్కాన్‌లోంచి తీసిన నా దవడని మౌస్‌తో తిప్పాడు. ఇదిగోరా అప్పాజీ నీ వంకర, ఇక్కడ కోస్తే తిన్నగా వచ్చేస్తావు, ఇంక పెళ్ళికొడుకువే అని నవ్వాడు. గైడంటే ప్లాస్టిక్ ముక్క. పళ్ళ మీద టక్కున కూర్చుంటే, దానికున్న గాడి వెంట డాక్టరు గారు ఎముక కోస్తారంట. నా నోటికి తప్ప ఎవరికీ పట్టదంట.
నాకంటూ చేయించింది ఇప్పటిదాకా ఏదీ లేదు. చొక్కాలు కూడా బావవే.

19 జూన్
లవంగం. ఉప్పునీళ్ళు. మళ్ళీ లవంగం.

2 జూలై
మద్రాసు నుంచి ముక్క వచ్చింది. నోట్లో పెట్టారు. టక్. ఫోటోలు తీశారు. డాక్టరు గారు వెరీ గుడ్ అన్నారు. నన్ను కాదు, బావని.
ఆపరేషన్ ఎప్పుడు బావా అని మెసేజ్ పెట్టా. త్వరలో, పన్ను జాగ్రత్త అని రిప్లై.

27 జూలై
చెంప బూరెలా పొంగింది. పీకించుకోరా, నీకేం పిచ్చిరా అని అమ్మ ఏడుస్తోంది. పీకించను. ఇన్నాళ్ళు ఓర్చుకున్నా.
బావ రిప్లై ఇవ్వట్లేదు.

5 ఆగస్టు
చెప్పకుండా వెళ్ళా. క్లినిక్‌లో కుర్చీల ఎదురుగా అద్దాల బీరువా. అందులో ప్లాస్టిక్‌తో చేసిన నా దవడ, తెల్లగా. పైన నా గైడ్. లైటు కూడా పెట్టారు. నరసాపురం నుంచొచ్చిన ఒక మామ్మగారు, ఇదేంటమ్మా దిష్టిబొమ్మలాగా అంది. నాదండి అనలేకపోయా.
డాక్టరు గారినే అడిగేశా. ఆపరేషనని నీకెవరు చెప్పారు బాబూ అన్నారు. ఎముక ఇంకా పెరుగుతోంది, రెండు మూడేళ్ళు ఆగాలి, అప్పటికి ఈ ముక్క పనికిరాదు, ఇది డాక్టర్ల మీటింగ్‌లో చూపించడానికి చేసింది, మీ బావకి మొదట్నుంచీ తెలుసుగా అన్నారు.
బావ స్క్రీన్ వైపే చూస్తున్నాడు.
బయటికొచ్చాక, ఫోటోల్లో నీ మొహం రాలేదులేరా, నోరొక్కటే అన్నాడు. మరి పన్నెందుకు ఉంచమన్నావు అన్నా. మీటింగ్‌లో నీ నోట్లో పెట్టి చూపించాలి, నెలాఖరు దాకా ఓర్చుకోరా, మా నాన్నవి కదూ అన్నాడు.

6 ఆగస్టు
అక్కకి తెలుసా అని అడగలేదు. తెలుసంటే?

29 ఆగస్టు
మీటింగ్ ఇవాళే. బావ కారేసుకుని వచ్చాడు. నోరు తెరిచి చూపించా. నిన్ననే పీకించేశా.
ఇప్పుడా ముక్క నాక్కూడా పట్టదు. మరి ఎవరిదది?