తలుపు తట్టిన పొద్దు

అమ్మా,

నేను కులాసా. ఫుట్‌బాల్ జట్టులో నా చోటు నిలిచింది, దిగులు పెట్టుకోకు.

ఈ సీజనుకు ఎవరుంటారో, ఎవరు పోతారో ఇవాళ తేలింది. పొద్దున్నే తలుపు తట్టి, "ప్లేబుక్ పట్టుకుని కోచ్ దగ్గరికి రా" అన్నారంటే ఆ ఆటగాడు ఇంటికి పోవలసిందే. మొదటి చప్పుడుకే నేను ఆ ఎత్తుగడల పుస్తకం చంకన పెట్టుకుని ఒక్క గెంతులో వెళ్లి తలుపు తీశాను. వచ్చినాయన నన్ను ఎగాదిగా చూసి, "నిన్నెవరు పిలిచారయ్యా? థర్మన్ కోసం వచ్చాను" అన్నాడు.

థర్మన్ నా గదిలోనే ఉండేవాడు. ఎన్నో ఏళ్లుగా ఈ జట్టు లైన్‌బ్యాకర్; బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి పడగొట్టడమే నాలాగే అతని పని. నా పరుగు చూసి అందరూ మురిసిపోతుంటే, బంతి ఎటు పోతుందో చూడకుండానే దూకుతానని అతనొక్కడే రోజూ తిట్టేవాడు. మంచం మీద కూర్చుని మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నవాడల్లా పకపకా నవ్వాడు.

"చూశావట్రా లవెల్? ఇక్కడా తొందరే! ఒక్క క్షణం ఆగి, చూసి, అప్పుడు దూకరా అంటే వింటావా?"

మిగిలిన పట్టీ చుట్ట నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

చెల్లి వెర్లీన్‌కు జ్వరం తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? బెండకాయ ఊరగాయ ఒక సీసా పంపు. థర్మన్ మోకాలి కోసం చర్చిలో ప్రార్థన చేయించు.

ఆదివారం టీవీలో నేను దూకబోయే ముందు కాస్త ఆగితే, మావాడు నెమ్మదించాడని కంగారు పడకు. ఆ ఆగడం థర్మన్‌ది.

నీ లవెల్