ఎనభై మంది వాయించిన క్యాసెట్

9 ఫిబ్రవరి 1979, శుక్రవారం. ఉమ్ సలాల్ లేబర్ క్యాంపు.

సాయంత్రం 4: దోహా బజారులో గౌస్ మొహియుద్దీన్ దుకాణంలో క్యాసెట్ కొన్నాను! ఇంగ్లీషు గూఢచారి సినిమా సంగీతం. పాటల్లేవు, మాటల్లేవు, అంతా ఆర్కెస్ట్రా. అట్ట మీద నల్ల కళ్ళద్దాలు, పిస్తోలు, మండుతున్న హెలికాప్టర్.

"ఎనభై మంది వాయించిన్రు మియా. గుండె పట్టుకొని కూసోవాలె," అన్నాడు గౌస్ భాయ్.

నిజానికి వెళ్ళింది ఖాళీ క్యాసెట్ కోసం. ఊళ్ళో నా భార్య గంగామణికి చదువు రాదు, ఆమెకు దోహా అన్నా దుబాయే. చెప్పాల్సింది రికార్డు చేసి, సెలవు మీద వెళ్ళేవాళ్ళతో పంపడం ఇక్కడ అందరూ చేసేదే. పోనీ, వచ్చే శుక్రవారం కొంటాను.

6.00: విన్నాను. బాగాలేదు.

6.45: మళ్ళీ విన్నాను. లోపం నాలోనే ఉండాలి. ఎనభై మంది కూడబలుక్కుని తప్పు వాయించరు కదా! నిర్ణయం: రోజూ డ్యూటీ దిగాక ఒక వైపు పూర్తిగా వింటాను. ఇరవై ఒక్క రోజులు. నచ్చాల్సిందే! పక్క మంచం జహాంగీర్ ముందు ఒట్టు కూడా వేశాను.

10 శనివారం. రెండో రోజు.

శ్రద్ధగా విని రాసుకున్నవి:
కార్లు తరుముకోవడం: పిల్లనగ్రోవి.
బాంబు: ఏవో సన్న తీగలు. బాంబు పేలలేదు.
హెలికాప్టర్: వయొలిన్లు, చాలాసేపు.
విలన్ చావు: తెలియదు. కునుకు పట్టింది.

రేపు కూర్చుని వింటాను.

13 మంగళవారం.

దుమ్ము గాలి. టేప్ రికార్డర్ పాడవుతుందని తువ్వాలు చుట్టి పెట్టాను. ఇది మానేయడం కాదు, జాగ్రత్త.

జహాంగీర్ వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం సెలవు మీద ఆర్మూరు పోతున్నాడు. వాళ్ళ టౌనుకు మా ఊరు పక్కనే.

"లింబాద్రి భాయ్, మా గంగామణి చెల్లెకు క్యాసెట్ నింపినవా?"

"సంగీతం ఇంటున్న, కనబడ్తలేదా?"

"గిదేం గూఢచారి భాయ్! తుపాకి పట్టుకొని ఏడుస్తుండు."

16 శుక్రవారం.

దోహా పోయే కంపెనీ పికప్ ఎక్కలేదు. సంగీతం వినాలి కదా! సగం వైపు విన్నాను. మిగతా సగం గడ్డం గీసుకుంటూ విన్నాను. అదీ లెక్కే.

19 సోమవారం.

క్యాసెట్ పెట్టి స్నానానికి పోయాను. వచ్చేసరికి అయిపోయింది. ఒట్టు వేసింది క్యాసెట్ నడవాలని, నేను గదిలో ఉండాలని కాదు.

21 బుధవారం.

నిజం రాస్తాను. మే నెలలో వచ్చేస్తానని గంగామణికి మాటిచ్చాను. ఇంకో రెండేళ్ళకు జనవరిలోనే సంతకం పెట్టేశాను. ఆమెకు తెలియదు. ఖాళీ క్యాసెట్ ఉంటే చెప్పక తప్పదు. నాకు భయంగా ఉంది. ఆమె అరిస్తే తట్టుకుంటాను, మాట్లాడకపోతేనే కష్టం.

ఈరోజు వినలేదు.

23 శుక్రవారం.

ఉదయం 9: పదకొండుకు జహాంగీర్ ఎయిర్‌పోర్టుకు బయలుదేరతాడు. శుక్రవారం పొద్దున దుకాణాలన్నీ బంద్. ఖాళీ క్యాసెట్ మాఫీ (ఇక్కడి అరబ్బీలో 'లేదు' అని). జహాంగీర్ నా గూఢచారి క్యాసెట్ వెనక ఉన్న రెండు బొక్కల్లో కాగితం కుక్కాడు. అలా చేస్తే దాని మీదే రికార్డు అవుతుంది.

"యల్లా, కానియ్యి, మాట్లాడు!" అని బయటికి పోయాడు.

9.40: మాట్లాడాను. బాగున్నానన్నాను. తింటున్నానన్నాను. రెండేళ్ళ సంగతి చెప్పాను. క్షమించు అనబోతూ బటన్ నొక్కి ఆపేశాను. మొత్తం ఆరు నిమిషాలు. ఇచ్చి పంపాను.

క్యాసెట్టే లేనప్పుడు ఒట్టు ఎలా నిలుస్తుంది? నా తప్పేం లేదు.

6 ఏప్రిల్, శుక్రవారం.

మధ్యాహ్నం 1: జహాంగీర్ తిరిగొచ్చాడు. గంగామణి క్యాసెట్ తెచ్చాడు. పెట్టడానికి గంట పట్టింది.

2.00: విన్నాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నన్ను పేరుతో పిలవదు, మా కూతురు నర్సవ్వ పేరుతోనే.

"ఓ నర్సవ్వ నాయినా! రెండేండ్లని ఇనంగనే పెట్టె ఎత్తి ఇసిరేద్దామనుకున్న. గంతల్నే నీ మాట ఆగిపాయె, వాయిద్యాలు సురువైనయి. అయ్యో, నోటితోని చెప్పలేక గంతమందిని పిలిపిచ్చి ఏడిపిస్తివా! మీ అమ్మ ఏడ్సింది, నేను ఏడ్సిన. దుబాయ్‌ల నువ్వొక్కనివే ఉన్నవనుకున్న. నీ బాధ తెల్సినోళ్ళు గంతమంది ఉన్నరంటే నా పానం నిమ్మలమైంది. ఆళ్ళకు నా దండాలు చెప్పు. మల్లొక్కసారి వాయించుమను. రెండేండ్లే గద, ఉంట తీ."

నేను మాట్లాడింది ఆరు నిమిషాలే. ఆ తర్వాత పాత సంగీతం చెరగకుండా అలాగే ఉండిపోయింది. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఏడ్చాను. జహాంగీర్ చూడనట్టు షూ లేసులు కట్టుకున్నాడు.

"గది సినిమాదని చెల్లెకు చెప్తవా భాయ్?" అన్నాడు.

"నేనెందుకు చెప్త?"

4.30: గౌస్ భాయ్ దుకాణం.

"నచ్చిందా మియా?"

"గదే క్యాసెట్ రెండియ్యి."

ఒకటి గంగామణికి, నా గొంతుతో సహా. ఒకటి నాకు.

6.15: మొదటి రోజు. ఇరవై ఒక్క రోజులు, ఈసారి కూర్చుని, కళ్ళు తెరుచుకుని. ఒట్టు!

7.00: బాగాలేదు. అయినా గంగామణి ఏ చోట ఏడ్చిందో తెలియాలి కదా. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.