కింద పడిన పాచిక చెల్లదు

25 నవంబరు 1968, సోమవారం

ఉదయం 8.15. పాసింజరు వెళ్లింది. తర్వాతి బండి 10.40కి. ఈలోపు ఒక మహత్తర నిర్ణయం!

ఈ రోజు నుంచి పది రోజులు, మా పాచిక క్రికెట్ లీగులోని కుర్ర బౌలర్లకు ర్యాంకులు ఇస్తాను. నేనంటే గణపతిరావు, ఈ స్టేషన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌ని. కోటబొమ్మాళి దాటాక వచ్చే చిన్న స్టేషన్ మాది. పేరు రాయను. పై అధికారులెవరైనా ఈ డైరీ చదివితే బాగుండదు.

లీగులో జట్లు నాలుగు. యజమానులం నలుగురం: పెద్ద మాస్టారు (స్టేషన్ మాస్టర్) నరసింగరావుగారు, బుకింగ్ క్లర్క్ నారాయణమూర్తి, పాయింట్స్‌మన్ అసిరయ్య, నేను. బౌలర్లంతా కల్పితం. పుట్టించింది మేమే, పేర్లు పెట్టిందీ మేమే. ఎవరి బౌలర్‌కు వాళ్లే పాచిక వేస్తారు. అయిదు పడితే వికెట్. మిగతావన్నీ పరుగులు. వికెట్‌కు ఎన్ని పరుగులిచ్చాడన్నది సగటు. సగటు తక్కువైనవాడు గొప్పవాడు.

ఇరవై మూడేళ్ల లోపు బౌలర్లు పదిమంది. డిసెంబరు 5న ఫైనల్. జాబితాలో మొదటివాడు ఫైనల్లో మొదటి ఓవరు వేస్తాడు. పదోవాడి పేరు కొట్టేస్తాం. శాశ్వతంగా!

నా ప్రమాణం:
1. అంకెలు తప్ప ఇంకేమీ చూడను.
2. ఎవరి సిఫార్సూ వినను.
3. నా సొంత బౌలర్ చినబాబుకైనా ఇదే న్యాయం.

(చినబాబుకు పంతొమ్మిదేళ్లు. ఎడంచేతి స్పిన్. భోగాపురం సముద్రపు ఒడ్డున ఇసకలో బంతి తిప్పడం నేర్చుకున్నాడు. మాటలు తక్కువ. చలికి చెవులకు గుడ్డ చుట్టుకుంటాడు. మంచి పిల్లాడు. అయినా సరే, ఇదే న్యాయం.)

సాయంత్రం 4.30. ప్రమాణం అందరికీ చదివి వినిపించాను. అసిరయ్య చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"నెంబరంటే నెంబరే గదా, బాబూ?"

"నెంబరంటే నెంబరే, అసిరయ్యా."

"అలగైతే బాగుంటాది."

26 నవంబరు, మంగళవారం

మొదటి జాబితా! మైదా పిండి ఉడికించి, వెయిటింగ్ రూము గోడకు అంటించాను.

1. కూర్మమ్మ (అసిరయ్య జట్టు)
2. గంగులు (నారాయణమూర్తి జట్టు)
3. విక్రం (పెద్ద మాస్టారి జట్టు)
...
7. చినబాబు

కూర్మమ్మ ఎవరంటే, అసిరయ్య భార్య. ఇరవై రెండేళ్లుంటాయి. సంతలో చేపలమ్ముతుంది. బౌలర్‌కు పేరు పెట్టమన్నప్పుడు అసిరయ్య క్షణం ఆలోచించలేదు. "మా ఇంటిది రాయిసిరితే కాకి ఎగరడం మర్సిపోతాది, బాబూ. దాని పేరే ఎట్టండి" అన్నాడు. ఆడవాళ్లు ఉండకూడదని నియమాల్లో లేదు. నియమాలు రాసింది నేనే, నాకు తట్టలేదు.

చినబాబు ఏడు. ఫరవాలేదు. కుర్రాడు, నేర్చుకుంటాడు. మనసు తేలిగ్గా ఉంది. నిష్పాక్షికత ఎంత హాయి!

27 నవంబరు, బుధవారం

ఉదయం 9.00. పెద్ద మాస్టారు జాబితా ముందు నిలబడి కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఆడమనిషి ఒకటో స్థానంలో ఉండడమేమిటండీ? మా విక్రం చేసిన పాపమేమిటి?"

"అంకెలండీ" అన్నాను. శభాష్, గణపతిరావ్!

మధ్యాహ్నం 12.30. కూర్మమ్మ తట్టతో వచ్చింది. "నాను ఫస్టంట గదా, సిన్న మేస్టరూ!" అని పళ్లన్నీ కనిపించేలా నవ్వి, రెండు గుప్పిళ్ల నెత్తళ్ల చేపలు ఆకులో కట్టి ఇచ్చింది. కార్తీకం వెళ్లిపోయింది కాబట్టి తీసుకున్నాను. లంచం కాదు. ఆవిడ అప్పటికే ఫస్టు.

వేపుడు అద్భుతం.

28 నవంబరు, గురువారం

చిన్న విషయం. చినబాబు రెండో ఓవర్లో పాచిక బల్ల మీదినుంచి జారి కింద పడింది. కింద ఆరు. మళ్లీ వేశాను. అయిదు! వికెట్!

కింద పడిన పాచిక చెల్లదు. ఇది కొత్త నియమం కాదు. రాయడం మరిచిపోయానంతే. ఇప్పుడు రాశాను.

చినబాబు నాలుగో స్థానం. చూశారా, నేర్చుకుంటాడన్నాను కదా.

29 నవంబరు, శుక్రవారం

ఈ రోజు పాచిక ఆరుసార్లు కింద పడింది. బల్ల ఒకవైపు వాలినట్టుంది. రిపోర్టు రాయాలి.

చినబాబు మూడు. విక్రం నాలుగు.

30 నవంబరు, శనివారం

విజయనగరం నుంచి నా భార్య నీలవేణి ఉత్తరం. డిసెంబరు 8, ఆదివారం మావాడి బారసాల. "మీరు వస్తారా, లేక మీ ఫోటో పక్కన పెట్టి పేరు రాయించమంటారా అని మా అమ్మ అడుగుతోంది." పుట్టిన కొడుకును నేనింకా చూడలేదు. మూడు రోజుల సెలవు కావాలి.

ఉదయం 11.00. అర్జీ పట్టుకుని పెద్ద మాస్టారి దగ్గరకు వెళ్లాను. ఆయన దాన్ని చదివి, సిరాబుడ్డి కింద పెట్టారు.

"మా విక్రం నాలుగుకు దిగాడేమిటండీ?"

"అంకెలండీ..."

"అలాగా. సెలవులు కూడా అంకెలేనండీ. చూద్దాం."

సాయంత్రం 5.00. అర్జీ ఇంకా సిరాబుడ్డి కిందే ఉంది. వెళ్లి రెండుసార్లు చూశాను.

1 డిసెంబరు, ఆదివారం

బాగా ఆలోచించాను. అంకెలు నిన్నటి సంగతి చెబుతాయి. రేపటి సంగతి చెప్పవు. కుర్ర బౌలర్ విషయంలో చూడాల్సింది రేపటినే! కాబట్టి ఈ రోజు నుంచి "భవిష్యత్తు మార్కులు" కలుపుతున్నాను. ప్రమాణం తప్పడం కాదిది. ప్రమాణం ఎదగడం.

విక్రం: ఎత్తు ఆరడుగులు. పట్టుదల పదికి తొమ్మిది. ఒకటో స్థానం.
చినబాబు: వినయం పదికి పది. రెండు.
కూర్మమ్మ: పెళ్లయింది. రేపోమాపో కాన్పులు. ఇంటిపనీ, తట్టాబుట్టా. మార్కులు కోశాను. ఏడు.

మధ్యాహ్నం 3.30. కారణాలతో సహా జాబితా అంటించాను.
సాయంత్రం 4.10. సెలవు మంజూరు!!

రెంటికీ సంబంధం లేదు.

2 డిసెంబరు, సోమవారం

ఉదయం 7.00. అసిరయ్య "నమస్కారం సార్" అన్నాడు. ఇన్నాళ్లూ "బాబూ" అనేవాడు. టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. జాబితా సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

11.20. కూర్మమ్మ వచ్చింది. తట్ట దించలేదు.

"నానేటి తప్పు సేసినాను, సిన్న మేస్టరూ?"

"తప్పేం లేదు, కూర్మమ్మా."

"మరి ఏడుకి ఎందుకు దింపినారు? సంతలో మా ఆడపడుసు అడుగుతాది, ఏటే ఒదినా, ఏడుకి పడిపోనావంట, ఏటి సేసినావని. నానేటి సెప్పీది?"

"అది నువ్వు కాదు. కాగితం మీది బౌలర్. కల్పితం."

"కల్పితమైతే నా పేరెందుకు ఎట్టినారు?"

రైళ్ల రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పాను.

"పెళ్లయిపోనాదని కోసినారంట గదా. తమకి పెళ్లవనేదా? బిడ్డ కూడా పుట్టినాడు. తమ ఉద్యోగం ఏడుకి దిగిందా?"

పక్కగదిలో నారాయణమూర్తి టిక్కెట్ల బీరువాలో తల దూర్చి నవ్వుతున్నాడు. భుజాలు కదలడం నాకు కనిపిస్తోంది.

"ఒక బంతివ్వండి. కాగితం వద్దు, బంతివ్వండి" అంది కూర్మమ్మ.

గొడవ విని పెద్ద మాస్టారు బయటికొచ్చారు. కాలేజీ రోజుల్లో విజయనగరంలో తాను ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌నని మాకు నెలకోసారి చెబుతారు. "రేపు గూడ్సు వెళ్లాక రమ్మనండి. నేను బ్యాటు పడతాను. మీ మొన్నటి ఒకటో నంబరు ఏపాటిదో తేలిపోతుంది" అన్నారు.

మధ్యాహ్నం భోజనం: పప్పు. చేపలు లేవు.

3 డిసెంబరు, మంగళవారం

9.35కి గూడ్సు వెళ్లింది. ప్లాట్‌ఫారం చివర మూడు వెదురు కర్రలు పాతాం. రబ్బరు బంతి నారాయణమూర్తిది. బ్యాటుకు పాత పెట్టె చెక్క. కోతల కూలీలు పదిహేనుమంది బండి కోసం ముందే వచ్చి, కంచె పక్కన కూర్చున్నారు.

కూర్మమ్మ చీర కాసె పోసి కట్టింది. పరిగెత్తలేదు. నిలబడే విసిరింది.

మొదటి బంతి: పెద్ద మాస్టారి కాలి ఎముక మీద. ఆయన కుంటుతూ నవ్వారు.
రెండోది: చెక్కకు దొరకలేదు.
మూడోది: నడిమి కర్ర ఎగిరింది. "నేను సిద్ధంగా లేనండీ" అన్నారు.
నాలుగోది: మళ్లీ నడిమి కర్ర. "ఎండ కళ్లలో పడింది."
అయిదోది: మూడు కర్రలూ. ఆయన చెక్క కింద పెట్టారు. కూలీలు ఈలలు వేశారు.

ఆరో బంతి తెచ్చి నా చేతిలో పెట్టింది. "తమరెయ్యండి, సిన్న మేస్టరూ. తమ మార్కులెన్నో సూద్దాం."

వేశాను. బంతి కర్రల వైపు వెళ్లలేదు. కంచె అవతల మేస్తున్న గేదె వైపు వెళ్లింది. గేదె కదల్లేదు గానీ పదిహేనుమంది కూలీలూ కింద పడి నవ్వారు.

10.50. పెద్ద మాస్టారు నన్ను గదిలోకి పిలిచారు. కాలు కుర్చీ మీద చాపుకుని, జండూబామ్ రాసుకుంటున్నారు. సెలవు పోయిందనుకున్నాను.

"ఆవిడను పైకెత్తండి. విక్రం సంగతి వదిలేయండి. నాకు సిగ్గుగా ఉంది" అన్నారు. "అన్నట్టు, స్కోరు పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. ఆయన వేలు పెట్టి లెక్క పెట్టారు. పక్కన నేనే రాసుకున్నాను మరి: "కిం. ప.", అంటే కింద పడింది.

"పద్నాలుగుసార్లు కింద పడింది. ఈ పద్నాలుగూ మీ చినబాబువేనా?"

తల ఊపాను.

"నేను విక్రం కోసం మిమ్మల్ని బెదిరించాను, నిజమే. పాచికను మాత్రం బెదిరించలేదండీ."

"సెలవు రద్దు చేసేయండి సార్" అన్నాను. నాటకం కాదు.

ఆయన జండూబామ్ సీసా మూత బిగించారు. "సెలవు ఇచ్చింది మీ కొడుక్కి. మీ చినబాబుకు కాదు. వెళ్లి లెక్కలు సరిచేయండి."

4 డిసెంబరు, బుధవారం

కింద పడ్డ పాచికలన్నీ కలిపి మళ్లీ లెక్క వేశాను. నేలమీద పడిన అంకెలు నాకు గుర్తున్నాయి. అన్నీ గుర్తున్నాయి. అదే బాధ.

చినబాబు పదో స్థానం. పదో స్థానమంటే పేరు కొట్టేయాలి.

మధ్యాహ్నం 1.00. మోకాలి నొప్పి అని రాస్తే? నొప్పి ఉన్నవాణ్ని కొట్టేయకూడదని నియమం పెడితే?
1.15. రాశాను.
1.20. చించేశాను.
2.00. మళ్లీ వేశాను లెక్క. పదే.
సాయంత్రం 5.30. ఈ రోజు జాబితా లేదు. మైదా పిండి అయిపోయింది. తలనొప్పి. అసలీ ర్యాంకులెవరికి కావాలి? దేశంలో ఇంకేం పనులు లేవా?

5 డిసెంబరు, గురువారం

ఉదయం 6.30. అసిరయ్య లాంతర్లు తుడుస్తున్నాడు. పక్కన కూర్చుని ఒక లాంతరు నేనూ తీసుకున్నాను.

"తప్పు చేశాను, అసిరయ్యా."

అతను ఇంకో లాంతరు తీసుకున్నాడు. "ఏడుకి దింపినందుకు నాకు కోపం నేదు. ఆట, దిగతాది, ఎగతాది. నెంబరంటే నెంబరని తమరు అన్నారు గదా. నాను ఊరంతా తిరిగి సెప్పుకున్నాను, మా సిన్న మేస్టరు మాట మీద నిలబడే మడిసని. ఇప్పుడు నాకు మొకం నేదు, బాబూ."

"బాబూ" అన్నాడు. గాజు బాగా తుడిచాను, అవసరం లేకపోయినా.

8.40. అంకెల ప్రకారం చివరి జాబితా అంటించాను. పదో పేరు మీద గీత నేనే కొట్టాను. వంకరగా వచ్చింది. లేని మనిషి మీద గీత కొట్టడానికి అంతసేపు పడుతుందని తెలియదు.

ఇంకో చిక్కు. సరైన లెక్కలో కూర్మమ్మ కూడా ఒకటి కాదు. గడిచిన వారం అసిరయ్యకు పాచిక సరిగ్గా పడలేదు. మూడు. ఒకటి గంగులు. ఒకటని రాసేస్తే చేపలు, నవ్వులు, శాంతి... చేయి అటే లాగింది. రాయలేదు.

12.00. ఆవిడ వచ్చింది. చదువు రాదు కాబట్టి నేనే చదివాను. మూడు అనేటప్పుడు ఒక అడుగు వెనక్కి వేశాను.

"మూడా? నిజం నెంబరేనా?"

"నిజం నెంబరే."

"సరే మరి, నెంబరు గదా." తట్ట ఎత్తుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆ గంగులెవుడో ఎల్లుండి సంతకి రమ్మనండి. నానూ సూస్తాను."

నారాయణమూర్తి ముఖం పాలిపోయింది. గంగులు అతని పెళ్లికాని మేనమామ పేరట. ఊరు పక్కనే.

సాయంత్రం ఫైనల్, నారాయణమూర్తి జట్టుకూ అసిరయ్య జట్టుకూ. మొదటి ఓవరు గంగులు వేశాడు, ముప్పై ఒక్క పరుగులిచ్చాడు. అసిరయ్య జట్టు గెలిచింది. పెద్ద మాస్టారు అందరికీ పకోడీలు తెప్పించారు.

7 డిసెంబరు, శనివారం

విజయనగరం పాసింజరులో. కిటికీ పక్క సీటు. రేపు బారసాల.

కొత్త సీజన్ తిరిగి వెళ్లగానే మొదలు. తీర్మానం మళ్లీ రాస్తున్నాను, ఈసారి సిరాతో:

1. అంకెలే. భవిష్యత్తు మార్కులు రద్దు.
2. పాచిక గిన్నెలో వేయాలి. కింద పడే ప్రసక్తే లేదు.
3. ర్యాంకులిచ్చేవాడికి సొంత బౌలర్ ఉండకూడదు.

చాలా ప్రశాంతంగా ఉంది. మనిషి మారగలడు!

పొందూరు దాటాక తట్టింది: కొట్టేసిన పేరు పోను బౌలర్లు తొమ్మిదిమందే ఉన్నారు. లెక్కకు పదిమంది కావాలి. కాబట్టి, కేవలం లెక్క కోసం, ఒక అమ్మాయిని పుట్టించాను. తాతమ్మ. పద్దెనిమిదేళ్లు. కుడిచేతి వాటం. వాళ్ల నాన్న ఉప్పుకొఠారుల్లో పని చేస్తాడు. పొద్దున్నే లేస్తుంది. ఎవరినీ ఒక మాట అనదు.

ఇంకా ఒక్క పాచిక కూడా వేయలేదు. అయితే మణికట్టు చాలా బాగుంది. రెండో స్థానానికి తగ్గదు.