నడుమ కట్టె

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన చింతామణి ఊరి నడిబొడ్డున నువ్వు ప్లాను గీసిన మైదానానికి ఇవాళ సున్నంతో గీతలు వేశారు. ఒక పక్క సంత, ఒక పక్క బస్సులు, నడుమ నాటకాలకూ సభలకూ అరుగు. ఇక్కడి సర్కారు భాష కన్నడంలో అరుగును కట్టె అంటారు గనక, ప్లానులో నువ్వు అలాగే రాశావు.

ఆ మాట చెవిన పడి, కట్టెలమ్మే ఆడవాళ్ళు మోపులతో వచ్చి నడుమ కూర్చున్నారు.

"మాకే అని రాసిండాదంట కదప్పా, ఇంక యాడికి పొమ్మంటావు?" అంది వాళ్ళలో గంగమ్మ, గీతలు వేయిస్తున్న ఓవర్సీరుతో. కిందటేడు నీ చితికి కట్టెలు మోసుకొచ్చింది ఆమే.

ఓవర్సీరు ఆమె మోపును కాలితో తన్నాడు. ఆమె కొడవలి మీద చెయ్యి వేసింది. అతను ప్లాను నా చేతిలో పెట్టి, "మీ అన్న రాతే కదా, ఇది అరుగని మీరే చెప్పండి" అన్నాడు.

ప్లానంతా వెతికాను. పూలకు చోటుంది, బండ్లకుంది. వాళ్ళకు మాత్రం ఎక్కడా లేదు. ఎద్దులకు నీళ్ళ తొట్టి గీసిన చేతికి వాళ్ళు గుర్తు రాలేదా అన్నా?

అందరూ నా నోటివైపే చూస్తున్నారు.

"కట్టెలకే సార్" అన్నాను.

నీ మాటను తెలుగులో చదివాను.