రెండు వేళ్ళ సందు

సియెనా,
సెప్టెంబరు 2, 1961

బొలోన్యాలో అద్దెకార్ల షెడ్డు యజమాని గ్వాల్తియేరో జనారీని గారికి నమస్కారాలు.

ఇక్కడ మేం నలుగురం క్షేమం, ఒక్క మెడ తప్ప. మీరూ మీ అమ్మాయి బ్రూనా క్షేమమని తలుస్తాను.

నిన్న మీ ఆకుపచ్చ కారు ఎక్కేటప్పుడు "పువ్వులాంటి బండి, ఎర్సీలియా గారూ" అన్నారు. పువ్వే, కాదనను. కానీ వెనకసీటు ఎడమవైపు కిటికీ అద్దం పూర్తిగా పైకి రాదు. రెండు వేళ్ళ సందు మిగిలిపోతుంది. ఆ సందులోంచి వచ్చే గాలి తిన్నగా దెసోలీనా మెడమీద పడుతుంది. దెసోలీనా మా ఊళ్ళో రొట్టెలకొట్టు నడిపిన మనిషి. నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడింది, చల్లగాలి సరిపడదు. కనుమ ఎక్కేసరికి మెడ కుడివైపుకి తిరిగి అక్కడే ఉండిపోయింది. అప్పటినుంచి కుడివైపు అందాలు తను చూస్తోంది, ఎడమవైపువి మేం చెబితే వింటోంది.

చెమట మీద గాలి తగిలితే మనిషి ఏమవుతాడో మీకు వేరే చెప్పాలా. ముప్పైఆరేళ్ళు మంత్రసానిగా చేశాను. మా లోయలో సగం మందిని ఈ చేతులతోనే ఈ లోకంలోకి తెచ్చాను. పురిట్లో ఒక్కరినీ పోనివ్వలేదు గానీ, గాలి తగిలి మంచాన పడ్డవాళ్ళని మాత్రం లెక్కలేనంత మందిని చూశాను. ప్రస్తుతానికి ఆ సందులో దెసోలీనా ఏదో కుక్కింది, గాలి ఆగింది.

మీరు అద్దంమీద అంటించిన నియమాలు నాలుగూ పాటిస్తున్నాం. కోళ్ళు ఎక్కించలేదు. ద్రాక్షసారా బుడ్లు ఎక్కించలేదు. చీజ్ ఎక్కించలేదు. ప్రతి మలుపులోనూ హారన్ కొడుతున్నాం. కారు నడిపే ఆర్జియా ఇదివరకు ట్రాక్టరే నడిపింది కాబట్టి మలుపు లేని చోట కూడా కొడుతోంది.

ఇక్కడి టస్కనీ వాళ్ళకి పొగరెక్కువని మా ఊళ్ళో అంటారు. ఒట్టి మాట. దారిపొడుగునా లారీలు పక్కకి తప్పుకున్నాయి. ఒక పెళ్ళి ఊరేగింపు మొత్తం కాలవలోకి దిగి దారిచ్చింది. ఒక ముసలాయన టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు. సియెనా పొలిమేరలో ఇద్దరు పోలీసులు మోటారు సైకిళ్ళమీద ముందు నడిచి సరాసరి సిస్టర్ల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దెసోలీనా మెడ అంత దూరం నుంచి వాళ్ళకి ఎలా కనబడిందో మరి. సిస్టర్లు మంచమిచ్చి, కోడి సూప్ తాగించి, మెడకి నూనె రాశారు. డాక్టరు మాత్రం "ఇంతేనా? మెడేనా?" అని రెండుసార్లు అడిగాడు. కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు.

మేము వండని భోజనం చచ్చేలోగా ఒక్క వారమైనా తినాలని బయల్దేరాం. ఆ వారం బాగానే మొదలైంది.

ఇట్లు
ఎర్సీలియా గాంబెరీని

తాజా కలం: జవాబు మాంటెపుల్చానో పోస్టాఫీసుకి రాయండి, వెళ్ళి తీసుకుంటాం. ఫోను వద్దు. మాతో ఉన్న వేలియా ముప్పైనాలుగేళ్ళు పోస్టాఫీసులో చేసింది. ఫోనులో చెప్పిన మాటకి ముద్ర ఉండదని తన వాదన.

ఇంకో మాట: చీజ్ ఎక్కించలేదన్నది ఇవాళ్టి తేదీకి రాసిన మాట.


బొలోన్యా,
సెప్టెంబరు 4

పెద్దలు ఎర్సీలియా గారికి,

నిలబడే తొందరగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించండి.

మీ దగ్గరనుంచి ఉత్తరమేదీ ఇంకా రాలేదు. దానికంటే ముందే పోలీసులు మా షెడ్డుకి వచ్చారు. సియెనా నుంచి కబురందిందట. అంతా చెప్పారు. విషయం పేరుపెట్టి రాయను, ఈ కాగితం కారులో ముందు ఎవరి చేతిలో పడుతుందో తెలీదు కదా. మీమీద నాకు కోపం లేదు. ఇలాంటివి మన చేతుల్లో ఉండవు. కాపాడగలిగే స్థితిలో ఉందా లేదా, ఆ ఒక్కటీ రాయండి. నా దగ్గర దాచొద్దు.

ఈ సమయంలో అడగకూడదు గానీ, శనివారం సాయంత్రానికి కారు నా గుమ్మంలో ఉండాలి. ఆదివారం పదిగంటలకి బ్రూనా పెళ్ళి. ఆ కారు రంగు మా నోర్మా ఎంచుకుంది, కూతురికి స్టీరింగు పట్టడం అందులోనే నేర్పింది. నోర్మా పోయి రెండేళ్ళయింది. అమ్మ లేని పెళ్ళికి అమ్మ కారులోనైనా వెళతానని పిల్ల పట్టుపట్టి కూర్చుంది. నాకు షెడ్డులో ఏడు కార్లున్నాయి, మిగతా ఆరూ దానికి కార్లు కావు.

మీ దుఃఖంలో భాగస్వామి
గ్వాల్తియేరో జనారీని

తాజా కలం: ఉత్తరం మూసేలోగా మీది అందింది. గుండె దిటవు చేసుకుని కిటికీ గురించి రాశారు, మీ ధైర్యానికి దణ్ణం. ఆ అద్దం నోర్మా రోజులనుంచీ అంతే. పన్నెండుమంది మెకానిక్కులు దానికి దణ్ణంపెట్టి వెళ్ళిపోయారు.


మాంటెపుల్చానో,
సెప్టెంబరు 5

గ్వాల్తియేరో గారికి,

మీకు తెలిసిపోయాక ఇక దాచడం దేనికి. ఇంత చిన్న విషయానికి పోలీసులు మీ దాకా వస్తారని కలలో కూడా అనుకోలేదు. మీరు పేరు పెట్టలేదు కాబట్టి నేనూ పెట్టను. దెసోలీనా పక్కనుంచి చదువుతోంది, ఇది తన నిర్వాకమే.

జరిగింది పియెంజాలో, ఒక్క క్షణంలో. చూసి ఉండబట్టలేకపోయాం. ఇక కాపాడటం అంటారా, ఈ ఎండలకి శనివారం దాకా ఆగితే అదృష్టమే. తడిగుడ్డ చుట్టి, వెనకసీటులో పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పాం. వాసన నిన్నటినుంచి మొదలైంది. ఆర్జియా ఒక చేత్తో ముక్కు మూసుకుని నడుపుతోంది. మీ కారు కడిగి, సోడా వేసి తుడిచి అప్పగిస్తాం, ఆ బాధ్యత నాది.

ఈ ఊళ్ళోనూ అదే మర్యాద, పోలీసులు ముందు, మేం వెనక, సరాసరి ఆసుపత్రికి. ఈ డాక్టరు సియెనా ఆయనకంటే ఎక్కువ నిరాశపడ్డాడు.

తలవంచుకుని
ఎర్సీలియా

తాజా కలం: జవాబు అరెజ్జో పోస్టాఫీసుకి, ఆ తరవాతది ఫ్లోరెన్సుకి రాయండి. కోపం పెట్టుకోకండి, మీ వాటా మీకు తెస్తాం. పెళ్ళిభోజనంలో వడ్డించడానికి కూడా సరిపోతుంది. నలుగురం ఆడవాళ్ళం ఎంతని తింటాం.


బొలోన్యా,
సెప్టెంబరు 6

అమ్మా ఎర్సీలియా గారూ,

మీ తాజా కలం చదివి కుర్చీలో కూలబడ్డాను. మా చర్చి ఫాదరుకి చూపించాను. "దుఃఖం ముదిరితే మనుషులు ఇలాగే రాస్తారు నాయనా, మెల్లగా మాట్లాడు" అన్నారు. మెల్లగానే అడుగుతున్నాను. పోయింది ఎవరు? పోలీసులకి చెప్పారా? ఏ చర్చిలోనైనా ఆగి ఆ మనిషిని దింపండి తల్లీ, కారులో తిప్పకండి.

ఇక పేర్లు దాచి లాభం లేదు, ఊరంతా పాకింది. కిటికీలోంచి తెల్లగుడ్డ ఆడిస్తూ, ఆగకుండా హారన్ కొడుతూ పోయే కారులో ప్రాణంమీదికొచ్చిన మనిషి ఉన్నట్టని ఈ దేశంలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. అందుకే కదా మీకు అందరూ దారిచ్చింది. సియెనా పోలీసులు కారు నంబరు రాసుకుని, రోగి కుదుటపడిందా అని మర్యాదకి కబురు పంపారు. ఆ కబురు మా వియ్యపురాలు ఇయోలాండా గారి చెవిన కూడా పడింది.

ఆవిడది నేపుల్స్ వైపు. శవాన్ని మోసే నల్లబండి ఎదురైతే ఇంటికి తిరిగొచ్చేసే మనిషి. పెళ్ళికి ముందు కొత్తజంట పక్కమీద పసిబిడ్డని పడుకోబెట్టాలనీ, చుట్టాల్లో ఒక్క చంటిదీ దొరకలేదనీ అసలే చిరాకుగా ఉంది. నిన్న మా ఇంటికొచ్చి, చెడు తగలకుండా గేటు ఇనుము పట్టుకుని "ఇదిగో అన్నయ్యగారూ, చావు ఎక్కిన బండిలో నా కోడలు చర్చికి రాదు. వస్తే నా కొడుకు రాడు. తరవాత మీ ఇష్టం" అంది. బ్రూనా లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నాకు ఉన్నది ఒక్క కూతురు. ఏం చెయ్యను?

గ్వాల్తియేరో

తాజా కలం: నా వాటా నాకు వద్దు.


అరెజ్జో,
సెప్టెంబరు 7

అయ్యా గ్వాల్తియేరో గారూ,

పోయినవాళ్ళెవరూ లేరు. దుప్పటి కింద ఉన్నది పన్నెండు కిలోల గొర్రెపాల చీజ్.

మీ మూడో నియమం మీరాం, పోలీసులు అదే చెప్పారనుకుని ఒప్పుకుంటూ రాశాను. మీ ఉత్తరం పోస్టాఫీసు బెంచీమీద పైకి చదివాను. మొదట నలుగురం నవ్వాం, తరవాత వేలియా ముఖం పాలిపోయింది. కిటికీ సందులో దెసోలీనా కుక్కింది వేలియా రుమాలే. అది వాళ్ళాయనది. ఆయన ముక్కు పెద్దది, రుమాలూ బల్లమీద పరిచేంత ఉండేది. సగం లోపల, సగం బయట. కారులో కూర్చున్నవాళ్ళకి లోపలి సగమే కనబడుతుంది. బయట సగం ఆరు రోజులుగా జెండాలా ఎగురుతోందని మాకేం తెలుసు? పైగా ఆర్జియా హారన్. అరవై దాటిన నలుగురం, మన దేశంలోనే పుట్టి పెరిగాం, ఒక్కదానికీ బుర్రకెక్కలేదు. ఆ పెళ్ళివాళ్ళని కాలవలో దింపింది తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

రుమాలు పీకేశాను, ఉతికి మడతపెట్టి నా సంచీలో దాచాను. ఇంతమంది బిడ్డల్ని తీసిన ఈ రెండు చేతులమీద ఒట్టు, అది మళ్ళీ ఆ కిటికీలో కనబడదు. చీజ్ ఇక్కడి సిస్టర్లకి ఇచ్చేశాం. మీ నోర్మా గారి కారని ముందే చెప్పి ఉంటే చీజ్ జోలికే పోయేవాళ్ళం కాదు.

శనివారం సాయంత్రానికి కారు మీ గుమ్మంలో ఉంటుంది. ఇయోలాండా గారికి ఈ ఉత్తరం చూపించండి.

ఎర్సీలియా

తాజా కలం: రుమాలు తీసేశాక టస్కనీ వాళ్ళు మా ఊళ్ళో చెప్పినట్టే ఉన్నారు.


బొలోన్యా,
సెప్టెంబరు 8

ఎర్సీలియా గారికి,

మీ నలుగురూ బతికే ఉన్నందుకు చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను.

ఉత్తరం ఇయోలాండా గారికి చూపించాను. "చీజే అనుకుందాం. రెండు ఆసుపత్రుల గుమ్మం తొక్కిన బండేగా? ఆ గాలి ఊరికే పోతుందా?" అంది. వాళ్ళ తమ్ముడి నల్లకారు సిద్ధం చేస్తోంది. బ్రూనా నిన్నటినుంచి అన్నం ముట్టలేదు. "అమ్మ కారు కాకపోతే నడిచెళతాను నాన్నా" అంటోంది. చర్చికి మూడు కిలోమీటర్లు, ఆ గౌనుతో.

ఆవిడ కొంచెం మెత్తబడుతోందని అల్లుడు అంటున్నాడు. కాబట్టి మీకు చేతులెత్తి చెబుతున్నాను. కనుమ దాటి సరాసరి ఇంటికి రండి. ఏమొచ్చినా సరే, ఆకాశం విరిగిపడినా సరే, ఆ రుమాలు బయటికి తియ్యొద్దు. ఆ కారు ఇంకొక్కసారి ఆసుపత్రి గుమ్మంలో కనబడిందంటే ఈ పెళ్ళి నేను చెయ్యలేను.

మీ మాటమీదే భారం వేసిన
గ్వాల్తియేరో

తాజా కలం: పెళ్ళికి మీరు నలుగురూ రావాలి. దెసోలీనా గారికి కుడివైపు వరసలో కుర్చీ వేయిస్తాను.


కనుమ మీది ఆసుపత్రి,
సెప్టెంబరు 9, శనివారం సాయంత్రం

గ్వాల్తియేరో గారికి,

ఈ ఉత్తరం పాలలారీ అతని చేతికిచ్చి పంపుతున్నాను. పైన రాసిన చోటు చూసి కూలబడకండి, పూర్తిగా చదవండి.

ఫ్లోరెన్సులో మీ ఉత్తరం తీసుకుని మధ్యాహ్నం కనుమ ఎక్కాం. సగం దారిలో ఒక మూడుచక్రాల బండి పొగలు కక్కుతూ ఆగి ఉంది. పక్కన రాతిమీద నిండుచూలాలు, పేరు ఫోస్కా, గొర్రెలకాపరి భార్య. మొగుడు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆ పిల్ల ముఖం చూస్తే చాలు నాకు, గంట కూడా లేదని తెలిసిపోయింది. ఇద్దర్నీ ఎక్కించుకున్నాం.

ఆర్జియా హారన్ కొట్టింది. ఒక్కడు తప్పుకోలేదు. ద్రాక్షపళ్ళ లారీవాడు తల బయటపెట్టి "అంత తొందరైతే నిన్ననే బయల్దేరాల్సింది పెద్దమ్మా" అన్నాడు. నా సంచీలో రుమాలుంది. పైన మీ ఉత్తరం ఉంది. కింద నా ఒట్టుంది. వారమంతా ఉత్త మెడనొప్పిని రాణీగారిలా ఊరేగించాం, నిజంగా ప్రాణం మోసుకెళ్ళే రోజున గొర్రెల మంద వెనక నడిచాం. బిడ్డ కన్నా నాకు మీ బ్రూనా పెళ్ళి ఎక్కువా అని ఒట్టు తీసి గట్టున పెట్టి రుమాలు విప్పాను. కిటికీ దాకా వెళ్ళనే లేదు, దానికి వేరే పని పడింది. బిడ్డ తల వచ్చేసింది. ఆ రుమాల్లోనే పట్టుకున్నాను, అందులోనే చుట్టాను. వేలియా వాళ్ళాయన ముక్కుకి ఈ జన్మలో ఇంత గౌరవం దక్కలేదు.

ఆడపిల్ల. మూడు కిలోల పైన ఉంటుంది. తల్లీ బిడ్డా క్షేమం, ఆ తరవాతే ఆసుపత్రికి తెచ్చాం. ఈ డాక్టరు ఒక్కడే నిరాశపడలేదు.

ఇయోలాండా గారితో ఈ మాట నా మాటగా చెప్పండి. అవునమ్మా, కారు మూడో ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కింది. కానీ దాంట్లోకి చావు ఎక్కలేదు, పుట్టుక ఎక్కింది. పక్కమీద పడుకోబెట్టడానికి పసిబిడ్డ దొరకలేదన్నారు కదా, పెళ్ళికూతురు రేపు కూర్చోబోయే సీటులోనే ఈ పాప అరగంట పడుకుంది. ఇంతకంటే శుభం ఏ ఊరి ఆచారంలో ఉందో ఆవిడనే చెప్పమనండి. సీటు కడిగాం, ఆరుతోంది. రేపు ఎనిమిదింటికల్లా మీ గుమ్మంలో ఉంటాం.

ఫోస్కా ఇందాక కళ్ళు తెరిచి "ఈ కారు ఎవరిదండీ?" అని అడిగింది. నోర్మా అనే ఆవిడది, రేపు వాళ్ళమ్మాయి పెళ్ళి అన్నాను. మొగుడివైపు చూసింది. అతను తలూపాడు. పిల్ల పేరు నోర్మా.

బ్రూనాని అన్నం తినమనండి.

మీ ఎర్సీలియా

తాజా కలం: మీ కిటికీ మూసుకుంది. నొప్పులప్పుడు ఫోస్కా అద్దం పిడి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. సందు లేదు, వెంట్రుక దూరదు. పన్నెండుమంది మెకానిక్కులకి చెప్పండి. ఇప్పుడు తెరుచుకోవడం లేదు, రేపు పెళ్ళికూతురు చెయ్యి ఊపాలంటే కుడివైపు నుంచే ఊపాలి. అటువైపు దెసోలీనా చూస్తూనే ఉంటుంది.