పడవ మీద అవ్వ మడిమ

బొంబాయి, 12-3-91

ఆశన్నకు తమ్ముడు గంగారాం దండాలు. నేను బాగానే ఉన్నాను, రంది పెట్టుకోకు.

ఇక్కడ ఒక సేటు షికారు పడవ మరమ్మతుకు వచ్చింది. ఫైబర్ మీది నున్నటి పైపొరకు వెంట్రుకంత సన్న పగుళ్లు. లోపల గట్టిగానే ఉంది. మొత్తం రంగు వేస్తే ఖర్చెక్కువని, పగిలిన చోటే చేయమన్నాడు సేటు. అటువంటి పగుళ్లు కనబడాలంటే మసి రుద్ది తుడుస్తాం. మసి అయిపోతే నువ్వు పంపిన పసుపు రుద్దాను. తుడిచి చూస్తే, అన్నా, అది మనల్ని కన్న అవ్వ కుడి మడిమ. చెరుకు మోడు దిగిన గంటుతో సహా ఒక్క గీత తేడా లేదు. నీడలో ఉన్న పడవ, అక్కడొక్కచోటే వెచ్చగా తగిలింది. సబ్బుతో కడిగినా పసుపు పోలేదు.

మన బోధన్ మేస్త్రీ హన్మాండ్లుకు చూపించాను. "పగులు అన్నంక ఎట్లనన్న ఉంటది, పిచ్చోడా! మిషన్ వెట్టి కోసి ఎడల్పు చేస్తెనే లప్పం నిలుస్తది. నీకు భయమైతే రేపు పొద్దుగాల నేనే కోస్త" అన్నాడు.

పసుపు ఉడకబెట్టడం అయిందా? బర్రె ఈనిందా? వదినతో చెప్పి నా దుప్పటి పంపించు.

టెలిగ్రాం ఇస్తే ఊరంతా బెదురుతుందని కార్డే రాస్తున్నాను. ఇది నీకు చేరేసరికి మేస్త్రీ కోయడం అయిపోయి ఉంటుంది. చదవగానే అవ్వను కూర్చోబెట్టి కుడి కాలు చూడు.

పిల్లలకు ముద్దులు. అవ్వ పాదాలకు దండం.

గంగారాం